ఉగాది నాటికి పద్దెనిమిది మాత్రలు

పాఠకుల ప్రశ్నలు, సిస్టరమ్మ జవాబులు

పోయిన సంచికలో నిద్రమాత్రల గురించి ఎవరో అడిగితే, జవాబులో మాటవరసకి లాక్‌డౌన్ నాటి సంగతొకటి రాశాను. ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్ళే దారికి అడ్డంగా కట్టిన వెదురు కంచె సంగతి. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ కంచె చుట్టూనే తిరిగాయి. కొన్ని ఇటు ఒడిశా ఊళ్ళ నుంచి, కొన్ని అటు శ్రీకాకుళం వైపు నుంచి. జనం మరిచిపోయి ఉంటారనుకున్నాను. నాదే పొరపాటు.

కొత్తగా చదివేవారికి ఒక మాట. నేను డాక్టర్ని కాను. మానసిక రోగుల వార్డులో ముప్పయ్యొక్క ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఎవరి మోతాదూ నేను తేల్చను, మందులు మార్చమనను. చూసింది చెబుతాను.

* * *

సిస్టరమ్మా, మా తమ్ముడికి ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా, అదే లేని మాటలు వినిపించే మానసిక జబ్బు, వచ్చింది. ఏ మందులకీ లొంగక చివరికి విశాఖపట్నంలో డాక్టరుగారు క్లోజాపిన్ మొదలుపెట్టారు. దానితో మనిషయ్యాడు. రైసుమిల్లులో బస్తాలు లెక్కరాసే పనికి కూడా వెళ్ళాడు. నెలకోసారి గుణుపురం ప్యాసింజరెక్కి నేనే వెళ్ళి మందులు తెచ్చేదాన్ని. 2020 మార్చి 22 నుంచి రైళ్ళు లేవు. ఉగాది నాడు డబ్బా బోర్లించి చూస్తే పద్దెనిమిది మాత్రలున్నాయి. రోజుకు మూడు. అవి అయిపోయాక పదకొండు రోజులు మందు లేదు. శ్రీరామనవమి దాటేసరికి నిద్ర మానేశాడు, గోడతో వాదన. బీడీలు కూడా దొరక్క వీధంతా తిరిగితే పోలీసులు రెండు తగిలించారు. ఏప్రిల్ 10న కూరగాయల వ్యాను డ్రైవరు దయవల్ల మందు చేరింది. ఆ రాత్రే ఎప్పటిలా మాత్రలు వేశాను. తెల్లారి నూతి దగ్గరికి వెళ్తూ కుప్పకూలిపోయాడు. చప్టా అంచు తగిలి నుదుటి మీద ఐదు కుట్లు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు అన్నం దిగదు. నా చేత్తో నేనే చేశానా?
— ఒక అక్క, పర్లాకిమిడి

తల్లీ, మాత్రలు నీ చేత్తోనే వేశావు. తప్పు మాత్రం నీది కాదు. నీకు చెప్పాల్సిన ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

క్లోజాపిన్ మిగతా మాత్రల్లాంటిది కాదు. 48 గంటలు దాటి ఆగిపోతే ఒంటికి ఆ మందు అలవాటు తప్పుతుంది. అప్పుడు పాత మోతాదు ఒక్కసారే పడితే బీపీ దిగిపోతుంది, మనిషి మగతగా తూలతాడు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అందుకే మధ్యలో తెగితే మళ్ళీ మొదటి రోజులాగే 12.5 మిల్లీగ్రాములతో, అంటే 25 మాత్రలో సగం ముక్కతో మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా పెంచుకుంటూ వెళ్ళాలి. మీ తమ్ముడు పదకొండు రోజులు మానాడు.

బీడీల మాట నువ్వు ఊరికే రాసినట్టున్నావు, నాకు మాత్రం అక్కడే కన్ను ఆగింది. రోజుకో కట్ట కాల్చేవాళ్ళ ఒంట్లో క్లోజాపిన్ త్వరగా ఖర్చయిపోతుంది. అది నికోటిన్ పని కాదు, పొగ పని. పొగ హఠాత్తుగా ఆగితే అదే మాత్ర రక్తంలో ఎక్కువై కూర్చుంటుంది. బడ్డీలు మూసేసిన ఆ రోజుల్లో ఇది ఎంతమందికి జరిగిందో! బీడీ మానడం మంచిదే. డాక్టరుకి చెప్పి మానాలి.

ఇంకో సంగతి. ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ ఏప్రిల్‌లో నాకింకా పదకొండు నెలల సర్వీసుంది. ఓపీ మూసేసి నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచీ అవే మాటలు: "మాత్రలు అయిపోనాయమ్మా, ఏటి సెయ్యమంతారు?" మధ్యాహ్నం ఒకాయన చేశాడు. కొడుకుది ఇదే మందు. "దొరికాయమ్మా, ఎయ్యమంతారా?" అన్నాడు. ఆ సంబరంలో "దొరికాయిగా, వెయ్యి నాయనా" అనేశాను. ఎన్నాళ్ళు మానాడని అడగలేదు. పెట్టేశాక గుర్తొచ్చింది. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. మర్నాడు పన్నెండింటికి గానీ లైను దొరకలేదు. పిల్లాడు పదహారు గంటలు నిద్రపోయి, లేచి గంజి తాగాడట. అన్నేళ్ళ సర్వీసున్న నాకే ఆ ప్రశ్న నోటికి రాలేదు. మీ ఇంట్లో నుయ్యి చప్టా ఉంది, వాళ్ళింట్లో లేదు. తేడా అంతే.

మన ఊళ్ళ గొడవ అనుకోకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 130 దేశాలను అడిగితే 93 శాతం దేశాల్లో మానసిక వైద్య సేవలు ఏదో ఒక చోట తెగిపోయాయి, లేదా కుంటుపడ్డాయి. 2020 అక్టోబరులో ఆ లెక్క బయటపెట్టారు. మన దగ్గర ఫోన్లో రోగిని చూసి చీటీ రాయవచ్చునంటూ నియమాలు వచ్చిన రోజు ఏదనుకున్నావు? మార్చి 25. నువ్వు మాత్రలు లెక్కపెట్టిన ఆ ఉగాది నాడే. డాక్టర్లు రాశారు కూడా. వాట్సాప్‌లో చీటీ వచ్చింది, మందు రాలేదు. చిన్న ఊళ్ళో క్లోజాపిన్ ఎవరుంచుతారు? ఉంచిన ఒక కొట్టాయన కూడా "ఆంధ్రా చీటీ ఇక్కడ చెల్లదు" అన్నాడని మా ఫోన్లకి ఫిర్యాదు వచ్చింది. ఎక్కడి చట్టమో అది! రిజిస్టరైన డాక్టరు రాసిన చీటీకి మహేంద్రతనయ ఏటికి అవతలేమిటి, ఇవతలేమిటి?

ఇప్పుడు చెయ్యాల్సింది. చీటీ ఫొటో మీ ఇద్దరి ఫోన్లలో ఉండాలి, కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు పెద్దక్షరాల్లో రాయించుకో. కంపెనీ మారినా కొట్టువాడికి తెలుస్తుంది. రెండు వారాల మందు ఎప్పుడూ ఎదురుగా ఉండేలా డాక్టరుగారితో మాట్లాడు. మన దగ్గర లాక్‌డౌన్ అక్కర్లేదు, తిత్లీ తుపాను వచ్చినప్పుడు 2018 అక్టోబరులో ఎన్నాళ్ళు రోడ్లు లేవో నీకు తెలుసు. ఆఖరి మాత్ర వేసిన రోజు క్యాలెండరు మీద గీత పెట్టు. జిల్లా ఆసుపత్రిలో మానసిక ఆరోగ్య విభాగం ఉంటుంది, అక్కడ కూడా ఒక ఓపీ చీటీ తీసి ఉంచు. విశాఖ డాక్టర్ని మానుకోమని కాదు, దారి మూసుకుంటే ఇంకో దారి ఉంటుందని.

రక్తపరీక్ష ఒక్కసారి కూడా వదలొద్దు. ఈ మందుకి తెల్లకణాలు పడిపోయే గుణముంది, అందుకే మొదటి 18 వారాలు వారం వారం చూస్తారు, తర్వాత గడువు పెంచుతారు. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే రక్తం చూపించాలి. కోవిడ్ రోజుల్లో జ్వరం అనగానే అందరి బుర్రా ఒక్కవైపే పోయింది, తెల్లకణాల సంగతి అడిగినవాళ్ళు తక్కువ.

మచ్చ సంగతి తమ్ముణ్ణే అడుగు. నాకు తెలిసి వాడికది గుర్తుండదు.

* * *

అమ్మా, మాది ఇచ్ఛాపురం దాటాక గంజాం జిల్లాలో పల్లె. మా ఆయన పదేళ్ళుగా రోజూ తాగుతాడు. 2020లో కొట్లు మూసేశాక రెండు రోజులు వణికాడు. మూడో రాత్రి గోడ నిండా చీమలని చేత్తో దులపడం, చచ్చిపోయిన మా మామగారితో మాటలు. ఒళ్ళు కాలిపోతోంది. కరోనా అని వీధివాళ్ళు తలుపులేసుకున్నారు, మేం మంచానికి కట్టేశాం. భూతవైద్యుడొచ్చి వేపమండలతో కొట్టాడు. ఐదో నాటికి తేరుకున్నాడు, కొట్లు తెరవగానే మళ్ళీ మామూలే. ఇప్పుడు కూతురి పెళ్ళి కుదిరింది, రేపటి నుంచి మానేస్తానంటున్నాడు. నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువగా ఉంది.
— గంజాం జిల్లా

నీ భయమే నిజం. రేపటి నుంచి అననివ్వకు.

అది దయ్యమూ కాదు, కరోనా కాదు. రోజూ గట్టిగా తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగితే మొదటిరోజే చేతులు వణుకుతాయి, చెమటలు, వాంతులు. రెండో రోజుకి ఫిట్స్ రావచ్చు. మూడు నాలుగు రోజుల్లో కొందరికి మతి చెదిరి లేని పురుగులు కనిపిస్తాయి, జ్వరం కాస్తుంది, గుండె పరుగెడుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, మా వార్డులో డీటీ అనేవాళ్ళం. వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది. మీ ఆయన మంచానికి కట్టిన తాడుతో బతకలేదు, ఆయుష్షుండి బతికాడు. ఒకసారి ఇలా వచ్చినవాళ్ళకి మళ్ళీ మానినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ.

ఆ నెల మాకొచ్చిన ఫోన్లలో ఇవే సగం. సర్కారు కొట్లు మూశాక కొండ ఊళ్ళల్లో ఇప్పసారాతో, సలపకల్లుతో (జీలుగుకల్లు) సర్దుకున్నారు. కింద మైదానం ఊళ్ళవాళ్ళకే ఇక్కట్లు. ఒళ్ళు కాలుతోంది కాబట్టి అంబులెన్సు వాళ్ళకీ అనుమానమే.

ముహూర్తానికి ఎన్నాళ్ళుందో రాయలేదు. కనీసం నెల ముందే ఆసుపత్రిలో చేర్చి మాన్పించండి. వారం పది రోజులు వణుకు రాకుండా మాత్రలిచ్చి, రోజురోజుకీ తగ్గిస్తారు. థయమిన్ అనే బి1 విటమిన్ సూది వేస్తారు. నీరసంగా ఉన్నాడని వీధి చివర కాంపౌండరు చేత గ్లూకోజు బాటిలు ఎక్కించొద్దు. తాగేవాళ్ళకి థయమిన్ పడకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. ఇది నవ్వులాట కాదు, ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోమ్మా. చేర్చేటప్పుడు "పోయినసారి మూడో రాత్రి చీమలు కనిపించాయి" అని నువ్వే చెప్పు. ఆయన చెప్పడు.

* * *

ఆంటీ, నేను గుణుపురంలో డిగ్రీ ఫస్టియర్. కరోనా టైములో నేను ఎనిమిదో తరగతి. పాలప్యాకెట్లు, కూరగాయలు అన్నీ కడిగేవాళ్ళం. అందరూ మానేశారు, నేను మానలేకపోయాను. ఇప్పుడు చేతులు కడగడానికి ఒక్కోసారి ఇరవై నిమిషాలు. లెక్క తప్పితే మొదటి నుంచి. వేళ్ళ సందులు పగిలి పసుపు ముట్టుకుంటే మండుతుంది. వారానికి మూడు సబ్బులని అమ్మ తిడుతుంది. ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడదామంటే మాది ఒకటే గది. నాకొక్కదానికేనా ఇలా?
— పేరు వద్దు

పేరు వెయ్యలేదులే. నీకొక్కదానికే కాదు. ఆందోళన, దిగులు కేసులు కోవిడ్ మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. నీది ఓసీడీలా ఉంది, అంటే ఒకే ఆలోచన తరుముతూ ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు. చూసి తేల్చాల్సింది డాక్టరే.

నీ విషయంలో నాకు కోపం తెప్పించేదేమిటంటే, ఇది మామూలు రోజుల్లో మొదలై ఉంటే మీ అమ్మ నెల తిరక్కుండా "ఏటే ఆ కడుగుడు?" అని పట్టేసేది. ఇరవై సెకన్లు కడగండని ఫోన్లో రింగు బదులు కూడా అదే మోగుతున్న రోజుల్లో మొదలైంది కాబట్టి బుద్ధిమంతురాలివని మెచ్చుకుని ఉంటారు. జబ్బు వచ్చి మంచి అలవాటు పక్కన కూర్చుంటే ఎవరు పోల్చుకుంటారు?

దీనికి వైద్యముంది, బాగా పనిచేస్తుంది కూడా. ఒక పద్ధతిలో తలుపు గొళ్ళెం లాంటిది ముట్టుకుని కడుక్కోకుండా కూర్చోబెడతారు. ముందు గుండె దడదడలాడుతుంది, ఊపిరాడనట్టుంటుంది. కడగకపోయినా ఆ దడ తనంతట తనే దిగుతుంది. అది దిగడం నువ్వు కళ్ళారా చూడాలి, ఒకసారి కాదు, పదిసార్లు. వార్డులో ఒకావిడ చేత నేను చెప్పు ముట్టించి పక్కనే కూర్చున్నాను. మొదటిరోజు నన్ను తిట్టని తిట్టు లేదు. మూడో వారంలో తన టిఫిన్లో ఇడ్లీ తుంచి నాకు పెట్టింది. ఈ వైద్యం తెలిసినవాళ్ళ దగ్గరే మొదలుపెట్టు, ఒక్కదానివే మొండికెయ్యొద్దు. మందులు కూడా ఉన్నాయి, ఈ జబ్బుకి అవి గుణమివ్వడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, పదిరోజులు వేసి లాభం లేదని మానెయ్యకు. "అమ్మా, శుభ్రమయిందా?" అని అడుగుతూ ఉంటావు కదూ? ఆవిడ "అయింది" అన్న ప్రతిసారీ జబ్బుకి ఒక ముద్ద పెట్టినట్టే. ఈ వాక్యం అమ్మకి చదివి వినిపించు.

ఒకే గది సంగతి. లాక్‌డౌన్‌లో నాతో జనం మేడ మీంచి, పశువులశాల నుంచి, కుళాయి తిప్పి పెట్టి స్నానాల గదిలోంచి మాట్లాడారు. ఒకమ్మాయితో ఒప్పందం: "అన్నం తిన్నారా సిస్టరూ" అంటే పక్కన ఎవరో ఉన్నారని. అప్పటి నుంచి నేను అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నలే అడిగేదాన్ని. నువ్వు కూడా ఫోనెత్తినవాళ్ళకి మొదటే చెప్పు, ఇంట్లో వింటున్నారని. అలవాటున్నవాళ్ళు సర్దుకుంటారు. మరీ కుదరకపోతే కాలేజీ నుంచి వచ్చే దారిలో.

* * *

మా నాన్నగారు 2021 మే నెలలో బరంపురంలో కోవిడ్ వార్డులో పోయారు. మొహం చూడనివ్వలేదు. కిట్లు వేసుకున్నవాళ్ళే దహనం చేశారు. ఆ రాత్రి 2.10కి ఆయన దగ్గర్నుంచి ఒక మిస్డ్ కాల్, నేను నిద్రపోయాను. ఆ ఫోను ఇప్పటికీ చార్జింగులోనే ఉంచుతున్నాను, బ్యాటరీ ఉబ్బింది కూడా. కొట్టు తీస్తున్నాను, తింటున్నాను, పిల్లల్ని చూసుకుంటున్నాను. ఇది పిచ్చేనా?
— బరంపురం

కాదు బాబూ. ఆర్నెల్లు దాటినా దుఃఖం మనిషిని పనికీ తిండికీ రానివ్వకుండా కట్టిపడేస్తే, దాన్ని జబ్బుగా చూడమని ఇప్పుడు వైద్యుల పుస్తకాల్లో చేర్చారు. నువ్వు కొట్టు తీస్తున్నావు. ఎప్పుడైనా తియ్యలేని రోజులు వరసగా వస్తే, బతకడం ఎందుకనిపిస్తే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

రాత్రి రెండింటి ఫోన్ల సంగతి నాకు కొంచెం తెలుసు. ఆక్సిజన్ మీద ఉన్న పెద్దవాళ్ళకి ఆ వేళ నోరెండిపోతుంది, లైటు కళ్ళల్లో పడుతుంది, దుప్పటి జారిపోతుంది. చేతికందిన నంబరు నొక్కేస్తారు. నర్సు వచ్చి నీళ్ళిచ్చాక ఫోను సంగతే మరిచిపోతారు. మీ నాన్నగారిది కూడా అదేనని నేను చెప్పలేను. కానీ ఆఖరి మాట ఏదో చెప్పబోయి చెప్పలేకపోయారని నువ్వు నీ అంతట నిశ్చయించుకున్నావు, దానికి ఆధారం లేదు.

ఉబ్బిన బ్యాటరీ మాత్రం ప్రమాదం, అంటుకుంటుంది. చార్జింగు ఇప్పుడే తీసెయ్. రిపేరు షాపులో కొత్తది వేయించు, కాల్ వివరాలు పోవు. ముందుగా వాడికి చెప్పు, మెమరీ చెరపొద్దని.

* * *

ప్రభుత్వ ఫోను నంబరుకి చేస్తే ఒడియాలోనే మాట్లాడతారా? మా అమ్మకి తెలుగు తప్ప రాదు.
— రాయగడ

14416. టెలి మానస్ అంటారు, మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన ఫోను సేవ, 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతుంది. తెలుగు ఉంది, ఒడియా ఉంది.

భాష ఎందుకడిగారో నాకు తెలుసు. మనవైపు పెద్దవాళ్ళు దిగులుగా ఉందని అనరు. "ఒళ్ళంతా పీకేస్తంది", "గుండెల్లో గాబరా", "బెంగెట్టుకున్నాను" అంటారు. బెంగ అనే మాటని ఒడియా పిల్లకి ఎలా చెబుతావు? లాక్‌డౌన్‌లో కొండమీంచి ఒక సవర ముసలమ్మ ఫోన్లో అరగంట మాట్లాడింది, మధ్యలో మనవడు తెలుగులో రెండు ముక్కలు: "నిద్ర లేదంట. కడుపునొప్పంట." అరగంట మాటలకి ఆ రెండు ముక్కలేనా? గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలు చెప్పేది వాళ్ళ మాటలోనే వినాలని ఆ భాష నేర్చుకున్న ఊరు మాది. అన్నేళ్ళు ఇక్కడే ఉండి ఆ భాషలో నాకు పది మాటలు కూడా రావు. ఆమెకి ఆ పూట నేను చేసిందేమీ లేదు.

మీ అమ్మగారి పక్కన మీరు కూర్చోండి గానీ, ఆవిడ తరఫున మాట్లాడకండి. మీకు జవాబు రాసేముందు ఆ నంబరుకి నేనూ చేశాను. భాష ఎంచుకోమనేసరికి పక్కనున్న మనవడు ఒడియా నొక్కేశాడు. నా ఒడియాతో రెండు నిమిషాలు కుస్తీ పట్టాను. అటు అమ్మాయి నవ్వాపుకుని, "తెలుగులోనే చెప్పండమ్మా, మాది కాశీనగరమే" అంది. అది మా వైపు ఊరే.